డిమాండ్ లేని కాలనీ

గుంటూరు,
2001 నవంబరు 12.

కలీం,

ఇక్కడ అందరం బాగున్నాం, మీ బావ నడుము తప్ప. పెళ్ళిళ్ళ ముహూర్తాలు దగ్గరపడ్డాయి గదా, పరుపుల ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. పొద్దున్నుంచి దూది మిషను దగ్గర నిలబడి, సాయంత్రానికి వంగిన మనిషి వంగినట్టే ఇంటికొస్తున్నాడు. డాక్టరు కటిక నేల మీద చాప వేసుకుని పడుకోమన్నాడట. "ఊరందరికీ మెత్తటి పరుపులు కుట్టే ఈ సిలార్‌కి చాప రాసిచ్చాడు" అని రోజూ గొణుగుతున్నాడు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానా అనుకుంటావు. కార్పొరేటర్ ఇంట్లో ఫోను ఇంటి ఫోను కాదురా. కొళాయి రాలేదని ఒకరు, వీధి లైటు వెలగలేదని ఇంకొకరు, గుమ్మంలో ఎప్పుడూ జనమే. నేను రిసీవరు ఎత్తగానే వాళ్ళు మాటలాపి వింటారు. ఇది వాళ్ళు వినకూడని సంగతి.

మొన్న పేపర్లో పడింది. తాడేపల్లి నుంచి మంగళగిరి మీదుగా గుంటూరు దాకా లైట్ రైలు వేయడానికి ప్లాను తయారుచేస్తున్నారట. చేసేది హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ అట. పేరు చదివి ఉలిక్కిపడ్డాను. నువ్వు జూన్‌లో చేరిన ఆఫీసే గదా అది. సొంత ఊరికి రైలేస్తూ సొంత అక్కకి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంతకీ లైట్ రైలు అంటే ఏమిటి? మీ బావ లైట్లు పెట్టిన రైలంటాడు. పక్కింటి మాస్టారు తేలికపాటి రైలంటారు. తేలికైతే గాలివానకి పడిపోదా అని ఎలీసమ్మక్క అడిగింది. ఆవిడ నీకు గుర్తుండే ఉంటుంది, మన వెనక వీధిలో ఉంటుంది, మిర్చి యార్డులో తొడిమలు తీసే పని. ఎన్నికలప్పుడు నా తరఫున నాకంటే గట్టిగా మాట్లాడింది. అంతమంది అడుగుతుంటే నేనూ ఏదో ఒకటి చెప్పాలి గదా. "మా తమ్ముడే గీస్తున్నాడు, మన చెరువుకట్ట కాలనీకి స్టేషను వస్తుంది" అన్నాను. చెప్పడం నా వంతు అయిపోయింది. గీయడం నీ వంతు.

ఈ వారంలో రంజాన్ నెల మొదలవుతుంది. అక్కడ హోటలు తిండితో ఉపవాసాలు ఎలా ఉంటావో ఏమో. పండక్కి రా.

మీ అక్క
ఫాతిమా


హైదరాబాదు,
21-11-2001.

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ సగం దాకా నవ్వాను. మిగతా సగానికి చెమటలు పట్టాయి.

ముందు లైట్ రైలు సంగతి. బావ కంటే మాస్టారే కొంచెం దగ్గరగా వచ్చారు. రెండు మూడు పెట్టెలే ఉంటాయి, కరెంటుతో నడుస్తుంది. పెద్ద రైలంత బరువుండదు. ఊళ్ళో రోడ్డు పక్కనే పట్టాలేసుకుని, బస్సులాగా దగ్గర దగ్గర ఆగుతూ పోతుంది. గాలివానకి పడదు, ఎలీసమ్మక్కకి నా మాటగా చెప్పు.

రెండోది. గీసేది నేను కాదు. ఇక్కడ అందరికంటే చివర చేరినవాణ్ణి. మా పెద్దాయన ఉదయ్ కుమార్ గారు ఏం చేయాలో చెబుతారు, దీప్తి గారని ఒకావిడ ఊళ్ళు తిరిగి సర్వేలు చేయిస్తారు, ఆ లెక్కల్ని కంప్యూటర్లోకి ఎక్కించేది నేను. పైగా ఇది ప్లానే. ప్లాను వేసినవన్నీ కట్టరక్కా.

మూడోది నీకు చెప్పకూడదు. కానీ నువ్వప్పుడే స్టేషను ఇచ్చేశావు కాబట్టి చెప్పక తప్పదు. లైను గుంటూరు బస్టాండు దాకా రావడం ఖాయం. అక్కణ్ణుంచి ఇంకొంచెం దూరం పొడిగించాలి. కాలేజీలున్న వైపుకైనా పోవాలి, మీ కాలనీ మీదుగా మిర్చి యార్డుకైనా పోవాలి. రెంటిలో ఒకటే. మొన్న సర్వే చేస్తే కాలేజీల వైపు బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. మీ వైపు డిమాండ్ లేదని తేలింది. రిపోర్టులో ఆ మాటే రాశారు. అందుకని స్టేషను మాట ఇక ఎత్తకు. చెప్పినవాళ్ళకి మెల్లగా సర్దిచెప్పు.

పండక్కి సెలవడిగాను. ఇంకా ఏమీ అనలేదు.

నీ తిట్లు ఫోనులో కంటే ఉత్తరంలో నెమ్మదిగా వినబడతాయి. ఇలాగే రాస్తూ ఉండు.

కలీం


గుంటూరు,
2001 డిసెంబరు 5.

తమ్ముడూ,

"మీ వైపు డిమాండ్ లేదు" అని రాశావు చూడు, ఆ ముక్కతో నాకు మొత్తం అర్థమైంది. మనం అడగలేదు, వాళ్ళివ్వలేదు. మీ ఆఫీసువాళ్ళని అని ఏం లాభం, తప్పు మాదే. ఆ తప్పు సోమవారం దిద్దుకున్నాం.

కార్పొరేషన్ ఆఫీసు ముందు టెంటు వేసి ధర్నా చేశాం. కాలనీ ఆడవాళ్ళు సగం మంది పని మానుకుని వచ్చారు. మీ బావ కింద పరుచుకోడానికి కొత్త పరుపులు తెస్తానన్నాడు గానీ, అవి పెళ్ళివారివని గుర్తొచ్చి ఆగిపోయాడు. బ్యానరు మీద "చెరువుకట్ట కాలనీకి లైట్ రైలు కావాలి, ఇది మా డిమాండ్" అని రాయించాను. డిమాండ్ అన్న మాట కింద రెండు గీతలు కొట్టించాను, మీవాళ్ళ కంటపడాలని.

నేను అరగంట మాట్లాడాను. ఎవరికీ గుర్తులేదు. ఎలీసమ్మక్క రెండు నిమిషాలు మాట్లాడింది.

"తెల్లారకముందే లేచి యార్డు దాకా నడిచి పోతన్నాం. ఆ యేళకి మా దారిన బస్సు లేదు. సాయంత్రం ఆటో ఆపితే, మా చీరల్లో మిరప ఘాటుకి పక్కనోళ్ళు తుమ్ముతారని ఎక్కించుకోరు. ఆటో పిల్లోళ్ళని తిట్టి ఏం చేస్తాం, వాళ్ళ బేరం వాళ్ళది. కారం మాత్రం అందరికీ కావాల. ఈ రైలోళ్ళయినా మమ్మల్ని ఎక్కిస్తారా, ఎక్కించరా, అది చెప్పండి ముందు" అంది.

కాపలాకొచ్చిన కానిస్టేబుల్ కూడా చప్పట్లు కొట్టాడు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. అందులో నేను సగమే ఉన్నాను, ఎలీసమ్మక్క పూర్తిగా ఉంది. కటింగు దీంతో పెడుతున్నాను. మీ పెద్దాయనకి చూపించు. డిమాండ్ లేదని ఇంకెవరంటారో చూద్దాం.

పండక్కి నీకు తెల్లచొక్కా గుడ్డ తీశాను. కొలతలు పాతవేనా, హైదరాబాదు వెళ్ళి చిక్కావా?

ఇట్లు, డిమాండ్ చేసిన
మీ అక్క


హైదరాబాదు,
19-12-2001.

అక్కా,

పండక్కి రాలేకపోయాను. పెద్ద మీటింగు ఉందని ఆపేశారు. రూములో సేమ్యా వండబోతే అడుగంటింది. అయినా తిన్నాను.

నీ కటింగు నేను చూపించేలోపే ఉదయ్ కుమార్ గారి బల్ల మీద ఉంది. "ఈవిడెవరో గట్టి మనిషయ్యా" అన్నారు. నేను తలొంచుకుని కీబోర్డు చూసుకున్నాను. మా అక్క అని చెప్పడానికి నోరు రాలేదు.

తప్పు నాది, సరిగ్గా రాయలేదు. నువ్వనుకున్న డిమాండ్ కాదక్కా అది. మా లెక్కల్లో డిమాండ్ అంటే, ఒక చోట ఎంతమంది బస్సో ఆటోనో ఎక్కుతున్నారు, ఎక్కి ఎక్కడికి పోతున్నారు అని. ఎక్కేవాళ్ళుంటే డిమాండ్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మీ కాలనీ మలుపులో మావాళ్ళు నిలబడిన రోజు ఎక్కినవాళ్ళు బొత్తిగా తక్కువ. ఎలీసమ్మక్క చెప్పింది నిజమేలే. కానీ నడిచి పోయేవాళ్ళని రాసుకోవడానికి మా కాగితంలో గడి లేదు.

అయినా ఆ ధర్నా వల్ల ఒక మేలు జరిగింది. మీ మలుపులో ఇంకోసారి సర్వే చేయమన్నారు. జనవరి చివరి సోమవారం దీప్తి గారు మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తారు. బండి కోసం నిలబడ్డవాళ్ళని పలకరించి, పేరేమిటి, ఎక్కడికెళుతున్నారు అని అడిగి రాసుకుంటారు. ఇది కూడా నీకు చెప్పకూడనిదే. చెప్పకపోతే ఆ రోజుకి ఇంకో ధర్నా పెడతావేమోనని భయంతో చెబుతున్నాను. టెంటు వద్దు, బ్యానరు వద్దు, మైకు అసలే వద్దు. అందరూ మామూలుగా ఉంటే చాలు.

బావకి చాప అలవాటైందా?

కలీం


గుంటూరు,
2002 జనవరి 30.

కలీం,

అచ్చం నువ్వు చెప్పినట్టే చేశాం. టెంటు లేదు, బ్యానరు లేదు. అందరూ మామూలుగా వచ్చి, మామూలుగా మలుపులో ఆటో కోసం నిలబడ్డారు.

మీ దీప్తి మంచి పిల్ల. వినుకొండట వాళ్ళది. పొద్దుటి నుంచి పచ్చరంగు టోపీ పెట్టుకుని ఎండలోనే నిలబడింది. నేను చెంబుతో మజ్జిగ పంపితే, డ్యూటీలో ఏమీ తీసుకోకూడదని వెనక్కి పంపింది. మళ్ళీ పంపాను. మూడోసారికి తాగింది. మనవాళ్ళ దగ్గర రాసుకుని రాసుకుని తెచ్చిన కాగితాలు అయిపోతే జిరాక్స్ షాపుకి మనిషిని పరిగెత్తించింది. ఎలీసమ్మక్క సంగతి చెప్పాలి నీకు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా, అడిగినప్పుడల్లా ఓపిగ్గా జవాబు చెప్పింది.

సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికొచ్చి "ఈ కాలనీలో ఇంతమంది ఉంటారా మేడం" అంది. "ఉంటారమ్మా, మీరు చూడకపోతే ఏం చేస్తాం" అన్నాను.

ఇక మీ డిమాండ్ సంగతి నువ్వే చూసుకో. మన కొట్టుకి ఎదురుగా స్పాంజి పరుపుల షాపు తెరిచారు. మీ బావ రోజూ వెళ్ళి వాళ్ళ పరుపు మీద కూర్చుని, లేచి, ఏమీ అనకుండా వచ్చేస్తున్నాడు. వాళ్ళకి వణుకు పుడుతోందట.

స్టేషను పేరు రాసేటప్పుడు చెరువుకట్ట అనే రాయి, చెరువుగట్టు అని రాయకు.

ఫాతిమా


హైదరాబాదు,
12-2-2002.

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

మీ మలుపు లెక్క చూసి మొదట ఆఫీసంతా సంబరపడింది. ఉదయ్ కుమార్ గారు "ఇదీ లైనంటే" అని పక్క గది వాళ్ళని కూడా పిలిచి చూపించారు. ఆ తర్వాత దీప్తి గారు కాగితాలు సర్దుతూ సర్దుతూ ఆగిపోయారు. చెంప మీద పుట్టుమచ్చ ఉన్న ఒక పచ్చ చీర ఆవిడ ఆమెకి గుర్తొచ్చింది. పొద్దున ఆవిడ ఎలీసమ్మ, యార్డుకి వెళుతోంది. కాసేపాగి మార్తమ్మ, పెద్దాసుపత్రికి. మధ్యాహ్నం సుగుణమ్మ, నరసరావుపేటకి. సాయంత్రానికి ఫాతిమా, అత్తగారింటికి. నీ పేరు కూడా వదల్లేదు. అప్పుడు మిగతా కాగితాలు కూడా తిరగేశారు. వచ్చిన ఆటో ఎక్కకుండా వెనక సందులోంచి చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ వరసలో నిలబడ్డవాళ్ళు ఇంకా ఎంతమందో.

నేను లేచి, ఆ కార్పొరేటరు మా అక్క అని, సర్వే ఫలానా రోజని చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను.

నిన్ను నొప్పించాలని కాదు గానీ ఒక మాట రాయకుండా ఉండలేను. మొన్నటిదాకా మీ కాలనీవాళ్ళు మా లెక్కలో లేరు, అంతే. ఎప్పుడో ఒకప్పుడు చేర్చవచ్చు అనుకున్నాను. ఇప్పుడు వాళ్ళు నిజంగా ఉన్నారని, రోజూ నడుస్తున్నారని నేను ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. ఉన్నవాళ్ళని కూడా లేకుండా చేశావక్కా.

ఈ ప్రాజెక్టులో ఇక నేను ఉండను. ఎల్లుండి హైదరాబాదు వదిలి వెళుతున్నాను. వెళ్ళాక రాస్తాను.

కలీం


గుంటూరు,
2002 ఫిబ్రవరి 18.

కలీం,

నువ్వు ఎక్కడున్నావో తెలియదు. మీ రూము అడ్రసుకే రాస్తున్నాను, ఇంటివాళ్ళు ఎలాగైనా చేరవేస్తారని.

నా వల్ల నీ ఉద్యోగం పోయింది. ఉత్తరం మీ బావ కూడా చదివాడు. నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెట్టమని మాత్రం అడుగుతాడు.

వేషాలేసి గెలిచాననుకుని నవ్వుకుంటూ తిరిగాను రా. ఉన్నవాళ్ళని లేకుండా చేశావన్న మాట దగ్గరికి వచ్చేసరికి కాగితం మడిచి పెట్టేశాను. ఆ రోజు ఇక చదవలేదు. ఎలీసమ్మక్కకి కూడా చెప్పాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "మూడు పేర్లు కొట్టేసుకోమను. ఒకటి నాదే గదా, అది ఉంచమను" అంది.

శనివారం బక్రీదు. ఆదివారం రైలెక్కుతున్నాను. మీ ఆఫీసుకి వెళ్ళి ఆ ఉదయ్ కుమార్ గారినే అడుగుతాను. తప్పు చేసింది నేను. శిక్ష నీకెందుకు?

అక్క


ఒంగోలు,
26-2-2002.

అక్కా,

మా ఇంటి ఓనరు నీ ఉత్తరం ఇక్కడికి పంపేసరికి ఇంత ఆలస్యమైంది. నా ఉద్యోగం పోలేదు. పోయిందని నేనెక్కడా రాయలేదు, కావాలంటే తీసి చూసుకో. ప్రాజెక్టులో ఉండలేనని నేనే అడిగితే, "కొన్నాళ్ళు వేరే పని చూడు" అని పెద్దాయన నన్ను ఒంగోలు పంపారు. ఇక్కడ బైపాస్ రోడ్డు మీద గ్రానైటు లారీల్ని లెక్కపెడుతున్నాను. లారీలు నయం, పేర్లు మార్చుకుని మళ్ళీ రావు.

దయచేసి ఆఫీసుకి వెళ్ళొద్దు. ఈపాటికి నువ్వు వెళ్ళే ఉంటావని తెలుసు. అయినా రాస్తున్నాను.

కోపంలో కఠినంగా రాశాను. ఆ మాట అబద్ధమని ఇప్పుడు అనలేను గానీ, అక్కకి అలా రాయాల్సింది కాదు. బావని నీతో మాట్లాడమను. నేను చెప్పానని చెప్పు.

కలీం


గుంటూరు,
2002 మార్చి 3.

ఒరేయ్ కలీం,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నేను సోమవారమే మీ ఆఫీసు చూసేశాను. మెట్లు ఎక్కువ, మంచినీళ్ళు తక్కువ.

చేతులూపుకుంటూ వెళ్ళడం బాగుండదని మీ బావ చేత బూరుగు దూది దిండొకటి కుట్టించి తీసుకెళ్ళాను. మాట్లాడకుండానే కుట్టిచ్చాడు. ఉదయ్ కుమార్ గారు దాన్ని చూడగానే, ఆఫీసులో బహుమతులు తీసుకోకూడదమ్మా అన్నారు. బహుమతి కాదండీ, క్షమాపణ అన్నాను. కుర్చీ పక్కన పెట్టించారు.

"మా తమ్ముణ్ణి తీసెయ్యొద్దండీ" అన్నాను.

"తీసెయ్యలేదే. ఒంగోల్లో ఉన్నాడు" అన్నారాయన.

నేను ఏడవడానికి సిద్ధపడి వెళ్ళాను. రైల్లో అంతా అదే తయారీ. ఇప్పుడు ఏడవడానికి ఏమీ మిగల్లేదు. వెంటనే లేచి వచ్చేస్తే మర్యాద కాదని అలాగే కూర్చున్నాను. ఆయన టీ తెప్పించి, "మీవాళ్ళు ఎందుకమ్మా అలా చేశారు" అని అడిగారు. కోప్పడుతూ కాదు, తెలుసుకుందామనే అడిగారు.

"మీ కాగితంలో నడిచేవాళ్ళకి గడి లేదంట గదండీ" అన్నాను.

ఆయన దీప్తి వైపు చూశారు. "లేదు సార్" అంది ఆ పిల్ల.

అప్పుడు నేను చెప్పాను. "ఒకసారి అబద్ధమాడాం. ఇకనుంచి మేం చెప్పేదేదీ మీరు నమ్మక్కర్లేదు. మీ మనిషినే పంపండి. ఏ రోజు వస్తారో మాకు చెప్పొద్దు. తెల్లవారేసరికి, యార్డుకి నడిచే దారిలో ఉన్న మా కల్వర్టు మీద నిలబడి చూడమనండి. నేను ఊళ్ళో ఉంటే అనుమానమైతే, వచ్చే నెలంతా ఎక్కడుండమంటే అక్కడుంటాను. ఈ అమ్మాయి వాళ్ళ అమ్మగారింట్లోనైనా సరే, వినుకొండ వెళ్ళి కూర్చుంటాను" అన్నాను.

దీప్తి పక్కకి తిరిగి నవ్వుకుంది. ఆయన మాత్రం నవ్వకుండా, ఆలోచిస్తానమ్మా అన్నారు. నేను గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే దిండు ఆయన వీపు వెనక ఉంది.

మీ బావ మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్ళ మాటలూ కలిపి ఒకేసారి మాట్లాడుతున్నాడు.

ఫాతిమా


హైదరాబాదు,
9-4-2002.

అక్కా,

నన్ను ఒంగోలు నుంచి వెనక్కి పిలిచారు. ఎందుకో నీకు కొంత తెలిసే ఉంటుంది, మిగతాది నేను చెబుతాను.

దీప్తి గారు ఎవరికీ చెప్పకుండా వచ్చి మీ కల్వర్టు మీద వారం పాటు నిలబడ్డారు. నడిచేవాళ్ళకి కొత్తగా గడి గీయించుకుని వచ్చారు. మనుషుల్ని మార్చి మార్చి లెక్క వేయించారు, ఒకరు రాసింది ఇంకొకరికి చూపించలేదు. తెల్లవారుజామున ఆ కల్వర్టు దాటి యార్డుకీ కోల్డ్ స్టోరేజీలకీ నడిచేవాళ్ళు, పొద్దున రద్దీ వేళ కాలేజీల వైపు బస్సెక్కేవాళ్ళ కంటే ఎక్కువ మంది తేలారు. చివరి రోజు ఆమె వాళ్ళతో కలిసి యార్డు దాకా నడిచారు. అక్కడ మిర్చి కుప్పల మధ్య నిలబడి సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నారట. ఎలీసమ్మక్క తన కొంగు తడిపి మొహానికి కట్టిందని చెప్పారు.

నువ్వు వినుకొండ వెళతానంటే ఏదో మాటకి అన్నావనుకున్నాను. దీప్తి గారి అమ్మగారు ఆఫీసుకి ఫోన్ చేసి, "ఎవరో కార్పొరేటరమ్మ వచ్చి రెండు రోజులుగా మా ఇంట్లో ఉంది, కందిపొడి కొడుతోంది, ఎందుకొచ్చిందో అడగడం బాగుండదేమో" అని అడిగారట. సర్వే ఎప్పుడో తెలియకుండానే నువ్వెలా సరిగ్గా ఆ వారమే వెళ్ళావో నేను అడగను.

రిపోర్టు మారింది. లైను బస్టాండు నుంచి మీ వైపుకే తిరిగి యార్డు దాకా పోతుంది. మ్యాపులో స్టేషను పేరు నేనే టైపు చేశాను. చెరువుకట్ట కాలనీ. గట్టు కాదు.

ఉదయ్ కుమార్ గారు మీటింగులో మన సంగతి ఎత్తి, "వాళ్ళు లేనివాళ్ళని చూపించారు, మనం ఉన్నవాళ్ళని వదిలేశాం. ఎవరిది పెద్ద తప్పో నన్నడక్కండి" అన్నారు. ఆయన వీపు వెనక దిండు ఇప్పటికీ అలాగే ఉంది.

కలీం


హైదరాబాదు,
20-6-2002.

అక్కా,

ఇది నువ్వు పేపర్లో చదివేలోపు నా చేత వినాలని రాస్తున్నాను. లైట్ రైలు ఆగిపోయింది. ప్రభుత్వంవాళ్ళు తప్పనలేదు, వద్దనలేదు. ఖర్చు ఎక్కువ, ప్రస్తుతానికి పక్కన పెడదాం అన్నారు. తాడేపల్లి నుంచి యార్డు దాకా మొత్తం లైను మా ఆఫీసు బీరువాలో ఉంది. పక్కన పెట్టినవాటిని మళ్ళీ తీయడం నేనింతవరకు చూడలేదని దీప్తి గారు అన్నారు.

అందరికీ స్టేషను వస్తుందని చెప్పుకున్నావు. ఇప్పుడు వాళ్ళ మొహం ఎలా చూస్తావో అని నాకు దిగులుగా ఉంది. మొదటి ఉత్తరంలోనే ప్లాను వేసినవన్నీ కట్టరని రాశాను. ఆ మాట నేనే మర్చిపోయి, మ్యాపులో మన కాలనీ పేరు చూసుకుంటూ రెండు నెలలు గడిపాను.

ఇప్పుడేం చేద్దాం?

కలీం


గుంటూరు,
2002 ఆగస్టు 1.

కలీం,

దిగులు పడతావని తెలిసీ ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. చేతిలో ఏమీ లేకుండా ఏం రాయను? ఇప్పుడుంది.

రైలు లేదన్న సంగతి ఇంటింటికీ తిరిగి నేనే చెప్పాను. ఎవరూ తిట్టలేదు, మాస్టారు తప్ప. ఆయన స్టేషను ఎదురుగా టీ కొట్టు పెట్టాలనుకుని చెంచాలు కూడా కొన్నారట. మిగతావాళ్ళు "అట్టాగా" అని పనికి పోయారు. నాకు అదే బాధనిపించింది. అంత తేలిగ్గా సర్దుకున్నారు.

అప్పుడు దీప్తికి ఫోన్ చేశాను. అవును, గుమ్మంలో అందరూ వింటుండగానే చేశాను. రైలు మాట పక్కన పెట్టు, నువ్వు కల్వర్టు మీద నిలబడి రాసుకున్న లెక్కుందే, అది నిజమే గదా అని అడిగాను. నిజమే మేడం అంది. రైలు ఆగితే నడిచేవాళ్ళు ఆగారా అన్నాను. సాయంత్రానికి ఉదయ్ కుమార్ గారే ఫోన్ చేశారు. రిపోర్టులో ఆ భాగం మీద సంతకం చేసి, ఈ దారికి బస్సుతో ఇప్పుడే మొదలుపెట్టొచ్చు అని కింద రాసి పంపారు. దాన్ని పట్టుకుని బస్సు డిపోకి ఎన్నిసార్లు తిరిగానో అడక్కు. ఆ కాగితం తప్ప ఒట్టి చేతులతోనే వెళ్ళాను. బ్యానరు లేదు, దిండు కూడా లేదు. లెక్క చూసి డిపో మేనేజరు గారు ఇంకేమీ అడగలేదు, బండి దొరకడానికే ఆలస్యం అన్నారు.

మొన్న సోమవారం తెల్లవారుతుంటే మన మలుపులో బస్సు ఆగింది. ముందు ఎవరూ ఎక్కలేదు. ఇంకెవరి కోసమో వచ్చిందనుకుని పక్కకి తప్పుకుని నడుస్తున్నారు. కండక్టరు, ఇమ్మానియేలనే కుర్రాడు, మెట్టు మీద నిలబడి "అమ్మా, మీకే, యార్డు బస్సు" అని పిలిస్తే అప్పుడు కదిలారు. మీ బావ కూడా యార్డులో పనేమీ లేకపోయినా ఎక్కాడు. నేను కింద నిలబడి చూశాను. కల్వర్టు ఒక్క క్షణంలో దాటేసింది రా. ఇన్నేళ్ళూ అదెంత దూరమో అనుకున్నాను.

ఎలీసమ్మక్క యార్డు దగ్గర దిగలేదట. మధ్యాహ్నం మా ఇంటికొచ్చి తనే చెప్పింది.

"యార్డొచ్చిందమ్మా అన్నాడు ఆ కుర్రాడు. తెలుసు నాయనా, రోజూ వస్తా అన్నా. దిగవా అన్నాడు. ఈ బస్సు ఇంకా యాడికి పోద్ది అన్నా. తిరిగి బస్టాండుకి, ఆణ్ణించి అరండల్‌పేట, కాలేజీల దాకా పోద్దన్నాడు. ఇంకో టిక్కెట్టు కొట్టమన్నా."

"ఇవాళ పని పోగొట్టుకున్నావా అక్కా?" అన్నాను.

"పోయింది" అంది. మంచినీళ్ళు తాగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. "ఈ ఊళ్ళోనే పుట్టాను ఫాతిమా. ఎప్పుడూ కాలి కింద చూసుకుంటా నడవడమే గానీ తలెత్తింది లేదు. ఇయ్యాల కూసుని పైకి చూశా. మేడల మీద ఎన్ని చీరలారేశారో. అరండల్‌పేటలో ఒకాయన మూడో అంతస్తులో నిలబడి పావురాలకి గింజలేస్తన్నాడు. మనూరు ఇంత బాగుంటదని నాకెవురూ చెప్పలేదే" అంది.

తర్వాత లేచి, "రేపు యార్డు కాడ దిగుతాలే" అని వెళ్ళిపోయింది.

మీ అక్క
ఫాతిమా